నాలుగు వందల జతలు

నమోదు 31. మార్చి 29

కంచగడ్డ కాలనీ జనాభా ఈ నెల 351. లెక్కల కేంద్రం పొద్దున గోడ తెర మీద వేసిన అంకె ఇది. జనవరిలో 406. ఫిబ్రవరిలో 388. మూడు నెలల్లో యాభై అయిదు మంది తగ్గారు.

నేనిక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను. నగరం మెట్రోలో ఆఖరి స్టేషన్‌లో దిగి ఇంకో గంట బస్సులో కూర్చుంటే వచ్చే కాలనీ ఇది. రెండు వేల మంది కోసం కట్టారు. సగానికి పైగా ఇళ్లకు తాళాలే. ఎవరు వచ్చారో ఎవరు పోయారో తెలియనంత పెద్ద చోటు కాదు. ఈ మూడు నెలల్లో రెండు చావులు జరిగాయి, రెండింటికీ వెళ్లాను. ఒక కాన్పు జరిగింది. సామాను సర్దుకుని పోయిన కుటుంబం ఒక్కటీ లేదు. మిగతా యాభై ముగ్గురు ఏమయ్యారో కేంద్రం చెప్పదు. అంకె మాత్రమే వేస్తుంది.

అంకె కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. మే నెల లెక్కలో జనాభా నాలుగు వందలకు తగ్గితే జూన్ ఒకటి నుంచి చల్లిల్లుకు కరెంటు ఆపేస్తారట.

చల్లిల్లు అంటే పాత ఫంక్షన్ హాలు. ఇళ్లలో ఏసీలు నిషేధించి తొమ్మిదేళ్లయింది. కాలనీ మొత్తానికి చల్లగా ఉండే గది అదొక్కటే. 86వ నంబరు ఇంటి కోడలు రజిత ఫిబ్రవరి నుంచి రాత్రీ పగలూ అందులోనే ఉంటోంది. ఏడో నెలలోనే కాన్పయింది. బాబు బరువు కిలో ఆరు వందలు. బాబు ఉండే గది ముప్పై డిగ్రీలు దాటకూడదని డాక్టరమ్మ చెప్పింది. 86వ ఇంట్లో ఈ మధ్యాహ్నం నేను కొలిచాను. నలభై మూడు.

"సారూ, జూన్ల కరెంటు దీస్తే వీన్ని ఏడ వెట్టుకోవాలె?" అని రజిత అడిగింది.

"తీయరు. లెక్క తప్పు. సరిచేయిస్తాను" అన్నాను.

ముప్పై ఎనిమిదేళ్లు విలేకరిగా పనిచేసినవాడు అంత తొందరపడి మాట ఇవ్వకూడదు.

నమోదు 32. మార్చి 31

సవరణ: బాబు బరువు కిలో నాలుగు వందలు. కిలో ఆరు వందలని మొన్న రాశాను. అది దుప్పటితో కలిపి తూచిన బరువట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తప్పు పడిన ప్రతి వార్తకూ మర్నాడు సవరణ వేయించాను, నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అయినా సరే. ఆ అలవాటు పోలేదు.

నిన్నంతా ఇల్లిల్లూ తిరిగి అడిగాను. నన్ను కలుపుకుని 414 మంది. ఈ పొద్దున లెక్కల కేంద్రానికి ఫోన్ చేశాను. హరిణి అనే అమ్మాయి ఎత్తింది.

"మీ అంకె 351. ఇక్కడ 414 మంది ఉన్నారు" అన్నాను.

"మీకెలా తెలుసు సార్?"

"ఇంటింటికీ వెళ్లి అడిగాను."

"సార్, ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడగడం గడప చట్టం ప్రకారం నేరం."

నాకు తెలుసు. ఇళ్లలోకి తొంగిచూసే యంత్రాలతో జనం విసిగిపోయాక వచ్చిన చట్టం అది. సర్కారు చూపు గడప దాటకూడదు. ఫోను చూడకూడదు, ముఖం చూడకూడదు, పేరు అడగకూడదు. మంచి చట్టమే. కాకపోతే జనాభా లెక్కకు ఇక మిగిలింది గడప బయట ఉన్నవే. గడప బయట ఉండేవి చెప్పులు. నెలకోసారి, ఏ రోజని ముందు చెప్పకుండా, తెల్లవారుజామున తూనీగ వస్తుంది. అరచేయంత యంత్రం. ప్రతి గడప ముందూ ఒక క్షణం ఆగి జతలు లెక్కపెట్టుకుని పోతుంది. జతకు ఒక మనిషి. దుమ్ము పట్టిన జతను వదిలేస్తుంది. అవి వాడేవాళ్లు లేరని దాని నమ్మకం.

ఆ లెక్కన చూసినా 351 కుదరదు. చంటిపిల్లలు అయిదుగురికి చెప్పుల్లేవు. మంచం పట్టిన నలుగురికి వాటి అవసరం లేదు. ఒంటికాలి సాయన్నకు ఒకటే చెప్పు, జత కాదు కాబట్టి తూనీగకు కనబడడు. ఈ పది మందీ పోగా 404 జతలుండాలి.

"మా చంటిపిల్లల్ని ఎలా లెక్కపెడతారు?" అని అడిగాను.

"నడక వచ్చాక సార్."

"అప్పటిదాకా వాళ్లు లేనట్టేనా?"

"లేరని మేము అనం సార్. ఉన్నారని అనలేం."

నమోదు 33. ఏప్రిల్ 9

యాభై మూడు మంది దొరికారు.

నేను రాత్రిళ్లు ఇంట్లోనే పడుకుంటాను. వేడికి అలవాటు పడ్డాను గాని నలుగురి మధ్య నిద్ర పట్టడం అలవాటు కాలేదు. అందుకే ఇంత చిన్న విషయం కనిపెట్టడానికి పది రోజులు పట్టింది. ఈ రోజు తెల్లవారకముందే చల్లిల్లుకు వెళ్లాను. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. హాలు చూసుకునే ఖాజా అప్పుడే నీళ్లు చల్లుతున్నాడు.

"ఏంది సార్, చెప్పులు పోయినయా?"

"మనుషులు పోయారు ఖాజా. ఇక్కడున్నారు."

ఎనభై ఎనిమిది జతలు లెక్కపెట్టాను. మార్చిలో ఇంతకంటే తక్కువ ఉండేవని ఖాజా చెప్పాడు. ఎండలు ముదిరేకొద్దీ రాత్రి హాలుకు వచ్చి పడుకునేవాళ్లు పెరుగుతున్నారు. వస్తూ చెప్పులు వేసుకొస్తున్నారు. హాలుకు ఇంటి నంబరు లేదు, గడపా లేదు. అక్కడి చెప్పులు ఎవరి ఖాతాలోకీ రావు. చల్లిల్లును ఎంత ఎక్కువమంది వాడుకుంటే కాలనీలో అంత తక్కువమంది ఉన్నట్టు. తగినంత తగ్గాక, వాడుకునేవాళ్లు లేరని చల్లిల్లు మూసేస్తారు.

హరిణికి మళ్లీ ఫోన్ చేశాను.

"హాలు ముందున్న చెప్పులు కూడా కలపండి."

"అది నివాసం కాదు సార్. పెళ్లికి వచ్చినవాళ్లు కూడా కావచ్చు కదా?"

"రోజూ తెల్లవారుజామునే పెళ్లా?"

"ముహూర్తాలు మా పరిధిలోకి రావు సార్."

ఆ అమ్మాయి వెటకారం చేయలేదు. ముందున్న తెర మీద ఉన్నది చదివింది. అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది.

నమోదు 34. ఏప్రిల్ 14

సాయంత్రం హాల్లో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. అంకెలు గోడ మీద రాసి చూపించాను. ముందుగా ఖాజా లేచాడు.

"సార్, ఈడ మర్చిపోయిన చెప్పులు ఓ మూటెడున్నయి. పెళ్లిళ్లు జరిగిన్నాటియి. మంచిగ అరిగినయి గూడ. గడపకు రెండు జతలేస్తే అయిపాయె. తూనీగకేమెరుక?"

"సున్నంగుట్ట వాళ్లూ అలాగే అనుకున్నారు."

సున్నంగుట్ట మా పక్క కాలనీ. నిరుడు అక్కడ లేనివాళ్ల చెప్పులు గడపల ముందు పెట్టారు. పట్టుబడ్డాక ఆ కాలనీ లెక్కను సున్నా చేశారు. ఇప్పుడక్కడ బస్సు కూడా ఆగదు.

"ఆళ్లు తెలివిలేక కొత్త చెప్పులు వెట్టిర్రు" అన్నాడు ఖాజా.

"అబద్ధం అరిగినదైనా కొత్తదైనా ఒకటే. పైగా మనకు దాని అవసరం లేదు. 404 జతలు నిజంగానే ఉన్నాయి. ఉండాల్సిన చోట ఉంటే చాలు. సాయంత్రం చెప్పులు ఎవరి గడప ముందు వాళ్లు విడవండి. ఇక్కడికి ఉత్త కాళ్లతో రండి. పొద్దున ఉత్త కాళ్లతో ఇంటికి పోండి."

హాలంతా నవ్వింది. 40వ నంబరు ప్రభాకర్ నవ్వలేదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. "రోడ్డు మీద అప్పడం వేస్తే గాలుతది సారు. మా అరికాళ్లు గాలవా?"

"ఏడింటికి రోడ్డు వేడి కొలిచాను. నలభై ఎనిమిది. దూరం ఉన్నవాళ్లకు కూడా పది నిమిషాల నడకే."

"కొలిచినవ్ సరే. నడిచినవా?"

నడవలేదు. అదే చెప్పాను. ఆ తర్వాత అరగంట సేపు కుక్కల గురించి, గాజుపెంకుల గురించి, తేళ్ల గురించి మాట్లాడారు. కొంతమంది ఇవన్నీ కేంద్రం వాళ్లకు రాయమన్నారు. రాశాను, మూడుసార్లు రాశాను అని చెబితే నాలుగోసారి రాయమన్నారు.

రజిత అత్త బాలమణి మూలన బాబు పక్కన కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ఇప్పుడు లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్లి గుట్టలోంచి తన చెప్పులు వెతికి చేత్తో పట్టుకుని వచ్చింది.

"పోచమ్మకు మొక్కుకుంటున్న. నా మనుమడు మూడు కిలోలు తూగేదాక కాలికి చెప్పు తొడగ. ఇవి గడప ముంగటనే ఉంటయి. నా ఎంబడి ఎవరొస్తరో రాండ్రి. రాకున్నా మంచిదే."

"పీర్ల గుండంల నిప్పుల మీద నడిచినోన్ని. ఈ రోడ్డేంది నాకు?" అన్నాడు ఖాజా. అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. నేను ఎక్కాలు అప్పజెప్పినట్టు అంకెలు చెబితే కదలనివాళ్లు ఒక మొక్కుకు కదిలారు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. జరిగింది అదే కాబట్టి రాస్తున్నాను.

నమోదు 35. ఏప్రిల్ 20

మొక్కు వల్ల కొత్త చిక్కు వచ్చింది. నేను అడిగింది సాయంత్రం నుంచి పొద్దున దాకా. బాలమణి మొక్కింది రాత్రీ పగలూ కలిపి. ఆమెను చూసి అరవై మంది దాకా పగలు కూడా ఉత్త కాళ్లతోనే తిరుగుతున్నారు. వాళ్ల చెప్పులు గడపల ముందు వారంగా కదలకుండా ఉన్నాయి. దుమ్ము పేరుకుంటోంది. దుమ్ము పట్టిన జతను తూనీగ లెక్కపెట్టదు.

86వ ఇంటికి వెళ్లాను. బాలమణి అరికాళ్లకు ఆముదం రాసుకుంటోంది.

"అమ్మా, పగలు చెప్పులు వేసుకోండి. మొక్కు రాత్రికి చాలు."

"మొక్కుల సగముంటదా సారూ? పోచమ్మకేమన్న పగటిపూట సెలవా?"

"చెప్పులకు దుమ్ము పడితే లెక్కలోకి రావు. దేనికోసం మొక్కారో అదే పోతుంది."

ఆమె రాయడం ఆపి గడప వైపు చూసింది. దుమ్మును చూసింది. నన్ను చూసింది.

"తొడగనని మొక్కిన గాని, తుడవనని మొక్కలే" అంది.

సాయంత్రానికి ఆ మాట కాలనీ అంతా పాకింది. ఇప్పుడు రోజూ పొద్దు గూకే వేళ అరవై మంది గుడ్డపేలికలు పట్టుకుని తాము తొడగని చెప్పుల్ని తుడుస్తున్నారు. కొనుక్కున్న నాటి నుంచి ఆ చెప్పులు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

నమోదు 36. ఏప్రిల్ 28

ఏప్రిల్ అంకె 383. ఇరవై ఒక్క జతలు తక్కువ.

కారణాలు తెలుసుకోవడానికి రెండు రోజులు తిరిగాను. తొమ్మిది మంది చెప్పులు సంచిలో పెట్టుకుని హాలుకు వచ్చి, మూల మలుపు దాటాక వేసుకున్నారు. అయిదుగురు కుక్కల భయంతో ఇంటి లోపల పెట్టి తాళం వేశారు. ముగ్గురివి కుక్కలు ఎత్తుకుపోయాయి, మర్నాడు పొదల్లో దొరికాయి. ఒక ఇంటివాళ్లు నాలుగు జతలూ కడిగి మిద్దె మీద ఆరేశారు. "మంచిగ కనవడాల్నని కడిగినం సారు" అన్నారు.

ఇక లాభం లేదని రోజూ తెల్లవారకముందే నేనే తిరుగుతున్నాను. పడమటి వీధితో మొదలుపెట్టి ఒక్కో గడప ముందూ ఆగుతాను. జత విడిపోతే కలుపుతాను. లోపల పెట్టిన ఇల్లు గుర్తుపెట్టుకుని సాయంత్రం వెళ్లి చెబుతాను. కొందరికి నన్ను చూస్తేనే చిరాకు. వాళ్లను తప్పుపట్టను. నాకూ చిరాకే.

ఈ పొద్దున బాలమణి హాలు నుంచి ఉత్త కాళ్లతో వస్తూ ఎదురైంది.

"అందరి గడపలు చూస్తున్నవు గాని, నీ కాళ్లకేంది సారూ చెప్పులు?"

"నేను చూసేవాణ్నమ్మా. విలేకరి వార్తలో ఉండడు."

"వార్తల ఉండకుంటే ఉండకు. మా లెక్కలనన్న ఉండు."

నవ్వి ముందుకు నడిచాను.

బాబు కిలో తొమ్మిది వందలు. దుప్పటి లేకుండా.

నమోదు 37. మే 7

ప్రభాకర్ కుటుంబం ఈ రోజు వెళ్లిపోయింది. నలుగురు. ఆటో ట్రాలీలో పరుపులు కడుతుంటే వెళ్లి అడిగాను.

"ఈ నెల లెక్క అయ్యేదాకా ఆగు ప్రభాకర్."

"పిల్లలు హాలుకు నడిచి రాలేమంటున్నరు. ఇంట్ల నిద్రవడ్తలేదు. మా అత్తగారి కాలనీల చల్లిండ్లు రెండున్నయి సారు, ఇంటి పక్కనే."

"రెండు వారాలు. అంతే."

"నీ లెక్క కోసం నా పిల్లలను ఉడకవెట్టాల్నా?"

ఇలాంటి కాలనీలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో నేను చాలా వార్తలు రాశాను. ఉద్యోగాలు, బస్సులు, నీళ్లు అని రాశాను. లేని కారణాలు చెప్పి ఎవరూ పోరు. ఒక్కొక్కరి కారణం విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అన్నీ కలిస్తే ఉన్నవాళ్లకు కరెంటు పోతుంది. పరుపు రెండో కొస పట్టుకుని కట్టించాను.

404లో నాలుగు పోతే 400.

హరిణికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. "నాలుగు వందలకు తగ్గితే అని ఉంది. సరిగ్గా నాలుగు వందలుంటే?"

ఈసారి తెర చదవకుండా ఆలోచించినట్టుంది. "సరిగ్గా ఉంటే తగ్గినట్టు కాదు సార్. కరెంటు ఉంటుంది." ఆగి అంది, "అంత సరిగ్గా ఎప్పుడూ ఉండదు సార్."

సాయంత్రం హాల్లో చెప్పాను. ఒక్క జత తగ్గినా అయిపోయినట్టే. ఈసారి ఎవరూ నవ్వలేదు. రజిత బాబును ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"సారూ, వీనికి చెప్పుల జత కొని గడప ముందల పెడ్తె?" అంది.

"అరగని చెప్పులు పట్టుబడతాయి. అదొక్కటీ దొరికితే కాలనీ మొత్తం సున్నా."

"వీడు ఉన్నది అబద్ధమా?"

"కాదు. వీడు చెప్పులు వేసుకుంటాడన్నది అబద్ధం."

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. నేను చెప్పింది నిజం. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

నమోదు 38. మే 19

తూనీగ ఈ తెల్లవారుజామున వచ్చింది.

ఎప్పటిలాగే పడమటి వీధి చూసుకుని తూర్పు వీధిలోకి వచ్చాను. అన్నీ ఉన్నాయి. సంచిలో పెట్టుకుపోయేవాళ్లవి ఉన్నాయి, మిద్దె మీద ఆరేసేవాళ్లవి ఉన్నాయి. మూడు వారాల్లో మొదటిసారి ఒక్క జత కూడా తప్పు లేదు. 86వ ఇంటి ముందు మాత్రం రజిత భర్త శ్రీధర్ చెప్పుల్లో ఒకటి మెట్టు కింద పడి ఉంది. కుక్క పని. తీసి రెండోదాని పక్కన పెట్టాను. మూడు జతలు: శ్రీధర్‌ది, రజితది, తళతళలాడుతున్న బాలమణిది.

లేచి నిలబడేసరికి సన్నని రొద వినబడింది. తూనీగ వీధి ఆ చివరి నుంచి వస్తోంది. పెద్ద నంబర్ల నుంచి చిన్న నంబర్లకు. ఒక్కో గడప ముందూ ఆగుతోంది, కదులుతోంది. నేను మనసులో కూడిక మొదలుపెట్టాను. పడమటి వీధి అంతా సరి. తూర్పు వీధిలో 130, 126, 121 సరి. 117.

117 నా ఇల్లు. తూనీగ దాన్ని అప్పటికే దాటింది. నా గడప ముందు చెప్పుల్లేవు. నా కాళ్లకు ఉన్నాయి.

399.

మూడు వారాలుగా కాలనీలో ప్రతి గడప చూశాను, నాది తప్ప. రోజూ తెల్లవారకముందు చెప్పులు వేసుకుని బయల్దేరి, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో చూస్తూ తిరిగాను. 414 అని రాసినప్పుడు నన్ను కలుపుకునే రాశాను. కాగితం మీద కలుపుకున్నాను, అంతే.

పరుగెత్తినా లాభం లేదు. అది వెనక్కి రాదు. 90 దగ్గర ఆగింది. 88 దగ్గర ఆగింది. హాల్లో బాబు నిద్రపోతూ ఉంటాడు. రెండు కిలోల మూడు వందలు. జూన్‌లో ఇంట్లో నలభై ఆరు ఉంటుంది.

చెప్పులు విప్పాను. శ్రీధర్ జత పక్కన, మెట్టు మీద పెట్టాను. వెనక్కి జరగడానికి వ్యవధి లేక అక్కడే నిలబడ్డాను.

తూనీగ వచ్చింది. నా మోకాలి ఎత్తులో ఆగింది. చట్టం ప్రకారం అది మనిషిని చూడకూడదు. నన్ను చూడలేదు. నాలుగు జతలను చూసి 85 వైపు వెళ్లిపోయింది.

అది కనుమరుగయ్యేదాకా ఉత్త కాళ్లతో నిలబడి, చేసిందేమిటని ఆలోచించాను. లేని మనిషిని పెట్టానా? లేదు. ఒక మనిషి, ఒక జత. ఆ మనిషి ఆ సమయంలో ఆ గడప ముందు ఉన్నాడా? ఉన్నాడు. అక్కడ నివసిస్తాడా? లేదు.

మూడో ప్రశ్న తూనీగ అడగలేదు. నా ఉద్యోగంలో ఎవరైనా అడగని ప్రశ్న చాటున దాక్కుంటే నేను ఊరుకునేవాణ్ని కాదు.

నమోదు 39. మే 31

కంచగడ్డ కాలనీ జనాభా 400. చల్లిల్లుకు కరెంటు వానలు పడేదాకా కొనసాగును.

ఖాజా హాలు తలుపులు రెండూ తెరిచి పెట్టాడు. చల్లదనం పోతుందని రజిత తిట్టి మూయించింది. మొక్కు తీరలేదు కాబట్టి బాలమణి ఇంకా ఉత్త కాళ్లతోనే ఉంది.

అంకె కింద ఇంటివారీ మార్పులు వేశారు. ఏప్రిల్‌లో తప్పి ఇప్పుడు కలిసిన ఇళ్లు పోగా మిగిలినవి ఇవి.

ఇల్లు 40: నాలుగు నుంచి సున్నా. ఖాళీ.

ఇల్లు 86: మూడు నుంచి నాలుగు. కారణం: జననం కావచ్చు.

ఇల్లు 117: ఒకటి నుంచి సున్నా. ఖాళీ.

రజిత రెండో వాక్యం దగ్గర ఆగింది. ఎవరికీ వినబడకుండా చదువుకుంది. తర్వాత బాబుకు వినబడేలా చదివింది. నా మీది కోపం ఇంకా పోలేదు గాని, "సారూ, వీన్ని లెక్కవెట్టిర్రు. చెప్పుల్లేకుండనే లెక్కవెట్టిర్రు" అంది.

అవునన్నాను.

నమోదు 40. జూన్ 4

మొన్నటి నుంచి నా ఇంటి కుళాయి రావడం లేదు. ఖాళీ ఇంటికి నీళ్లు వదలరు. హరిణికి ఫోన్ చేశాను.

"117 ఖాళీ అని నమోదైంది సార్."

"నేను 117 నుంచే మాట్లాడుతున్నాను."

"ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో నేను చూడకూడదు సార్."

"వచ్చే లెక్కలో నా చెప్పులు నా గడప ముందు ఉంటాయి. అప్పుడు సరిపోతుందా?"

"ఖాళీగా నమోదైన గడపను తూనీగ మూడు నెలలు చూడదు సార్." ఆమే మళ్లీ అంది, "సవరణ పెట్టుకోవచ్చు. మే 19న మీ చెప్పులు ఎక్కడున్నాయో రాసి సంతకం చేస్తే చాలు. వెంటనే నీళ్లు వదులుతారు."

"రాస్తే ఏమవుతుంది?"

"వేరే గడప ముందున్న జత చెల్లదు. అక్కడ తీసేస్తాం. మీ ఇంటిది ఆగస్టు లెక్కలో కలుస్తుంది."

"అప్పటిదాకా కాలనీ 399."

"అవును సార్." తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "సవరణ ఫారం పంపమంటారా?"

మళ్లీ చేస్తానని పెట్టేశాను.

బిందె తీసుకుని 86కు వెళ్లాను. ఎందుకొచ్చానో చెప్పక తప్పలేదు. నడవలో నిలబడి బాలమణికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె పూర్తిగా వింది. నవ్వాపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏరు దాటినంక ఒక్కొక్కడు తన్ను మరిచి లెక్కవెట్టుకున్నరంట ఎన్కట. గట్లనే ఉంది నీ కథ. సదువుకున్నోనివి."

"నవ్వండి. పర్వాలేదు."

"నవ్వకేం జేస్త? సరే, మా ఇంట్ల నాలుగో మనిషివైతివి. బిందె ఆడ వెట్టు. అన్నం తిని పో."

"రజితకు చెప్పకండి. బాబును లెక్కపెట్టారనుకుంటోంది."

బాలమణి నవ్వు ఆగిపోయింది. నా బిందె తనే తీసుకుని కుళాయి కింద పెట్టింది. నిండేదాకా చూస్తూ నిలబడింది.

"ఆగస్టు దాక నీ చెప్పులు ఈడనే ఉండాల్నన్నట్టు" అంది చివరికి.

"రాత్రిళ్లు ఉండాలి. వచ్చే లెక్కల్లోనూ ఇక్కడ నాలుగు జతలు కనబడాలి."

"మరి ఇంటికెట్ల పోతవ్?"

చెప్పులు విప్పి శ్రీధర్ జత పక్కన పెట్టాను. బిందె భుజానికెత్తుకుని బయటికి దిగాను. 86 నుంచి 117కు ఏడు నిమిషాల నడక. రోడ్డు ఎంత వేడి ఉందో ఈసారి కొలవలేదు. మొదటి నాలుగు అడుగులకే ప్రభాకర్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. కొలవడం వేరు.

సవరణ ఫారం పంపించానని హరిణి రాత్రి సందేశం పెట్టింది. గడువు నెలాఖరు వరకు. మే 19న ఏం జరిగిందో నమోదు 38లో ఉంది. అందులో ఒక్క మాట తప్పు లేదు.

ఫారం నింపలేదు. ఇది నేను వేయించని మొదటి సవరణ.